సూదిమొన బెజ్జం

తన ఇయర్‌ఫోన్లలో ఎవరో సూది దించారని ఫోన్‌లో పాఠం మొదలైన మరుక్షణమే గిజున్‌కి తెలిసిపోయింది.

మాస్టారి గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు పీలగా ఉంది.

లైటు కింద పెట్టి చూశాడు. ముందువైపు గాలి ఆడే చిన్న బెజ్జం మీద తను అతికించిన టేపుకి నట్టనడుమ చిల్లు!

అవి చవకరకం ఇయర్‌ఫోన్లు. తనే బాగు చేసుకున్నాడు. గొట్టంలో చిటికెడు స్పాంజి కూరితే మాస్టారి 'స'లు, 'ష'లు చెవిలో గుచ్చుకోవడం మానేశాయి. బెజ్జం మూస్తే గొంతు నిండుగా పలికింది, బయటి చప్పుడు ఆగిపోయింది.

నోర్యాంగ్‌జిన్ పేటలో, సర్కారు కొలువు పరీక్షలకు చదివేవాళ్ల లాడ్జీ అది. అట్టముక్కల్లాంటి గోడలు. గట్టిగా తుమ్మినా తప్పే. ఆ అంతస్తులో గిజున్ గది ఒక్కదానికే కొత్త వాల్‌పేపర్ ఉంది. తన అదృష్టం అనుకున్నాడు. ఈసారి తప్పితే ఇక పరీక్ష రాయనని ఇంట్లో మాటిచ్చి వచ్చాడు.

కొత్త టేపు వేశాడు. మర్నాడు వంటగది బల్ల మీద ఇయర్‌ఫోన్లు వదిలి, గిన్నె కడుక్కుని వచ్చి చూస్తే మళ్లీ చిల్లు.

తిన్నగా లాడ్జీ నడిపే ఓక్‌జా దగ్గరికి వెళ్లాడు.

"పిన్నీ, ఇది పక్కగది ప్యో బాబాయి పనే!"

"నువ్వు చూశావా?"

"చూడాలా? రోజూ పొద్దున్నే పనికి పోతూ గోడ మీద టక్ టక్ అని కొడతాడు. నేను తిరిగి గుద్దితే తప్ప ఆపడు. ఆ బాధ పడలేకే బెజ్జం మూశాను. ఇక చెవి దగ్గర డప్పు కొట్టినా వినపడదని ఆయన దగ్గరే గొప్పలు పోయాను. నా బుద్ధి తక్కువ!"

"పెద్దవాడు నాయనా..."

"పెద్దవాడైతే? నేను చప్పుడు చెయ్యనని మెచ్చుకుని అందరూ నా తలుపుకి అరటి పాల సీసా తగిలించి పోతారు. ఆయన ఒక్కసారైనా తగిలించాడా?"

ఓక్‌జా ముఖం ఎందుకో పాలిపోయింది. వంటగది కెమెరాలో రికార్డయింది వెనక్కి తిప్పి చూపించింది.

ప్యోనే. అటూ ఇటూ చూసి, కాలరు మడతలోంచి సూది తీశాడు.

పిలిపించారు. సిమెంటు అంటిన బూట్లు బయటే విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకు నేనేం ద్రోహం చేశాను బాబాయ్?"

ప్యో నోరు తెరవబోయి ఓక్‌జా వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

"తప్పయింది బాబూ."

"అంటే సరిపోతుందా? ఈయనుంటే నేనుండను పిన్నీ."

"నువ్వెందుకు పోతావు బాబూ? చదువుకోవాల్సినవాడివి. సిమెంటు మొయ్యడానికి నాకు ఏ ఊరైతేనేం?"

ఉన్న ఒక్క సంచీ సర్దుకుని గడప దగ్గర ఆగాడు.

"వేళకి తింటూ ఉండు."

"అదీ మీరే చెప్పాలా!"

మర్నాడు గోడ మోగలేదు. గిజున్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. టేపు మార్చి చదువులో పడ్డాడు.

ఆ వారమే జ్వరం తగులుకుంది.

సీసాలో నీళ్లు అయిపోయాయి. లేవబోతే కాళ్లు మడతపడ్డాయి. ఫోన్ ఆగిపోయింది. పగలో రాత్రో తెలియలేదు. పాఠం లేని ఇయర్‌ఫోన్లు చెవుల్లోనే ఉన్నాయి. వాటిలో తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెయ్యి చాపి ప్యో గది గోడ మీద కొట్టాడు.

టక్. టక్.

అవతల ఎవరూ లేరు.

జ్వరం దానంతట అదే దిగింది. గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీశాడు. పిడికి అరటి పాల సీసా వేలాడుతోంది. దాని మీద ముచ్చటైన అక్షరాలు:

'ఇన్ని రోజులుగా చిన్న చప్పుడైనా చెయ్యలేదు. చాలా థాంక్స్!'

సీసా ఎప్పుడో చల్లదనం పోయి వెచ్చబడింది.

దాన్ని పట్టుకునే ఓక్‌జా దగ్గరికి వెళ్లాడు.

"పిన్నీ, ప్యో బాబాయికి ఫోన్ కలపండి."

ఆమె గిజున్ ముఖం చూసింది. సీసా చూసింది. ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"బాబాయ్, నేను గిజున్‌ని."

"బాబూ! ఆ గొంతేమిటి, అలా నీరసంగా ఉంది? తిన్నావా?"

"వచ్చెయ్యండి బాబాయ్. మీ గది ఖాళీగానే ఉంది."

"యోసు రేవులో పనికి కుదిరాను. అయినా ఆ గోడ పక్కన ఇక పడుకోలేను బాబూ."

"ఎందుకు? గోడ ఎందుకు కొట్టేవారు మీరు?"

ఓక్‌జా తల దించుకుంది.

"నువ్వు తిరిగి గుద్దుతావని కొట్టేవాణ్ణి. గుద్దితే, నిశ్చింతగా పనికి పోయేవాణ్ణి. బెజ్జం మూశాక ఎంత కొట్టినా నువ్వు పలకలేదు. భయమేసి సూది దించాను. నీకు ముందు ఆ గదిలో ఇంకో కుర్రాడుండేవాడు. నీలాగే చదివేవాడు, నీలాగే చెవులు మూసుకునేవాడు. ఉన్నట్టుండి అలికిడే లేదు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయి, తలుపుకి అరటి పాల సీసా తగిలించాను బాబూ. అది అలాగే వేలాడుతుంటే, తీసుకోవడానికి మొహమాటపడుతున్నాడు కాబోలనుకుని, పక్కనే ఇంకోటి తగిలించి పనికి పోయాను."