గాటు పడని కట్ట

డెబ్బై మూడో కార్డు కూడా తప్పు లేకుండా దాటిపోయింది. ఎర్ర బల్బు వెలగలేదు. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

ఆ గదిలో పనే అది. ఒకరు కాగితం చూసి మీటలు కొడితే అట్టకార్డుల మీద చిల్లులు పడతాయి. బీరువాలంత కంప్యూటరు చదివేది ఆ చిల్లుల్నే. ఇంకొకరు అదే కాగితం చూస్తూ అవే కార్డుల మీద మళ్ళీ కొట్టి సరిచూడాలి. తేడా వస్తే ఎర్ర బల్బు. మూడుసార్లు కొట్టినా కలవకపోతే మెషీను కార్డు అంచున గాటు పెడుతుంది. గాటు పడ్డ కార్డు మొహం మళ్ళీ ఎవరూ చూడరు, చింపి పారేస్తారు.

ఇప్పుడు తెర ఉన్న కొత్త మెషీన్లు వస్తున్నాయి. కార్డుల గది మూసేస్తున్నారు. ఉన్న ఇద్దరిలో ఒక్కరికే కొత్త గదిలో కుర్చీ. ఇవాళ్టి కట్టలో ఎవరికి గాట్లు తక్కువో వాళ్ళకే. ఆ ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు కావడం మటుకు ఆఫీసు తప్పు కాదు.

చిన్నకోడల్ని ఈ ఉద్యోగంలో పెట్టించింది పెద్దకోడలే. వేలు పట్టుకుని మీటలు నేర్పిందీ తనే. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల వేగం చూడ్డానికి పక్క గదులవాళ్ళు రావడం మొదలెట్టారు. ఇంట్లో అత్తగారు సైతం "చిన్నదాని చేతిలో ఏదో ఉందే" అనేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ మాట విని చిన్నది తల దించుకుని నవ్వే నవ్వుకే పెద్దకోడలి కడుపు రగిలేది.

ఈ పొద్దున కూడా అంతే.

"అక్కా, ఆ కుర్చీ నీకే రావాలి. నాకు పని నేర్పింది నువ్వు," అంది చిన్నకోడలు.

"వెక్కిరిస్తున్నావా?"

"అయ్యో, లేదక్కా. కట్టలు రెండూ అయిపోయాయిగా, నువ్వెళ్ళి టీ తాగిరా. కట్ట ఎవరిదో తెలియడానికి ముందు పెట్టే నంబరు కార్డులు ఇద్దరివీ నేనే కొట్టేస్తా. నీ నంబరు ఏడు, నాది ఎనిమిది, అంతేగా."

పెద్దకోడలు టీ తాగొచ్చింది. ఒకరి కట్ట ఒకరు మార్చుకుని సరిచూడ్డానికి కూర్చున్నారు. నంబరు కార్డుని సరిచూసే పని లేదు కాబట్టి పెద్దకోడలు దాన్ని చూడకుండానే పక్కన పెట్టేసింది.

నూట యాభై కార్డులు దాటాయి. బల్బు వెలిగితే ఒట్టు. పక్కన చిన్నకోడలి మెషీను మాత్రం అప్పటికే నాలుగుసార్లు చిటుక్కుమంది. అంటే తన కట్టకి నాలుగు గాట్లు. కుర్చీ పోయినట్టే.

పెద్దకోడలు ఆరు ఉన్నచోట తొమ్మిది కొట్టింది. ఎర్ర బల్బు వెలిగింది. మళ్ళీ తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. చిటుక్కున గాటు పడింది. ఎన్నాళ్ళ మంటో ఒక్కసారి చల్లారినట్టయింది. కట్ట పూర్తయ్యేసరికి గాట్లు పదకొండు. నంబరు కార్డుని మళ్ళీ కట్ట మీద పెట్టేసింది.

"పదకొండా?" చిన్నకోడలి మొహం పాలిపోయింది. "ఎలా పడ్డాయక్కా? ఒక్కటి కూడా పడకూడదే."

"చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత."

"అక్కా, ఆ కట్ట ఒక్క నిమిషం నాకివ్వు..."

"ఎందుకు? మార్చేద్దామనా?" పెద్దకోడలు కట్టని గట్టిగా పట్టుకుంది.

ఇంతలో సూపర్‌వైజరు వచ్చాడు. రెండు కట్టలూ తీసుకుని గాట్లు లెక్కపెట్టాడు. "ఒకదానికి నాలుగు, ఒకదానికి పదకొండు. నాలుగువాళ్ళు కొత్త గదికి. పదకొండువాళ్ళకి ఈ నెలాఖరు దాకే పని."

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటోంది. పెద్దకోడలు జుట్టు సర్దుకుంది. పోనీలే, చిన్నది వంట బాగా చేస్తుంది, ఇంటిపట్టున ఉంటుంది అనుకుంది.

సూపర్‌వైజరు పదకొండు గాట్ల కట్ట మీది నంబరు కార్డు తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి, చిల్లు ఎక్కడ పడిందో చూశాడు.

"ఏడు," అన్నాడు.