ఆర్డరివ్వని కస్టమర్

“తెరచాప కొయ్యను నిలబెట్టడానికి వైరే కావాలా మేడమ్? తాడు సరిపోదా?”

ఫోన్లో అవతలి మనిషి ఇంగ్లీషు తడబడుతోంది.

కావ్య కేటలాగు తిప్పింది. “మీ పడవ ఎంత పొడవు సర్?”

“ఇరవై నాలుగు అడుగులు. పైకప్పు లేదు.”

“అయితే సాగని తాడు చాలు. బొటనవేలంత లావు ఉండాలి. ముందుకొకటి, వెనక్కొకటి, రెండు పక్కలకీ చెరొకటి లాగి బిగించండి. ఆర్డర్ రాసుకోమంటారా?”

“థాంక్యూ మేడమ్.”

లైన్ కట్టయింది.

అది 1999. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఒక కాల్ సెంటర్. విదేశాల్లో యాట్‌లు, అంటే షికారు పడవలు, ఉన్నవాళ్లు ఉచిత నంబరుకు ఫోన్ చేస్తారు. ఎవరి పడవకు ఏ తాడు, ఏ కప్పీ, ఏ కొక్కెం సరిపోతుందో చెప్పి అమ్మడం కావ్య ఉద్యోగం.

కదిరిలో పుట్టి పెరిగిన కావ్య సముద్రాన్ని ఇంతవరకూ చూడలేదు. ఫోన్లో ఆమె పేరు కూడా కావ్య కాదు, రోసీ.

ఆ గదిలో కిటికీలు తెరుచుకోవు. రెండేళ్ల బాండు. డిగ్రీ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. లైన్లో తెలుగు మాట్లాడితే మెమో. మెమోలు పెరిగితే ఉద్యోగం పోతుంది, సర్టిఫికెట్లు మాత్రం బీరువాలోనే ఉంటాయి.

మరుసటి వారం మళ్లీ అదే గొంతు.

“తెరచాపను ఒక్కడే లాగాలంటే ఎలా మేడమ్?”

“కప్పీలు రెండు వాడండి, బరువు సగమవుతుంది. తాడు చివర డెక్ మీద కొక్కేనికి చుట్టెయ్యండి.”

“కొక్కెం లేకపోతే?”

కావ్యకు నవ్వొచ్చింది. పడవ కొనడానికి డబ్బుంది, కొక్కేనికి లేదు కాబోలు.

“గట్టి చెక్కముక్కను బోల్టులతో బిగించండి సర్.”

సూపర్‌వైజర్ ఉదయ్ భాస్కర్ ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. అందరి లైన్లూ ఆయన వింటూనే ఉంటాడు.

“చూడండి కావ్యగారూ, ఆయన పోయిన వారం చేశాడు, మళ్లీ చేశాడు, ఒక్క నట్టు కొనలేదు. డబ్బుండి పొద్దుపోనివాడండీ. వదిలించుకోండి.”

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు ఆ గొంతు ఇంగ్లీషులోనే పలకరించింది. తర్వాత తెలుగులోకి మారింది.

“మీ ఇంగ్లీషు మనోళ్ల ఇంగ్లీషులాగే ఉంది. తెలుగోళ్లేనా తల్లీ? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావు?”

కావ్య నోటా తెలుగే వచ్చింది.

“మాదాపూర్, హైదరాబాద్,” అనేసింది. వెంటనే తేరుకుని, “సర్, దయచేసి ఇంగ్లీషులో మాట్లాడండి,” అంది.

“ఒక్క మాట తల్లీ. ఒక్కటంటే ఒక్కటి. తెలుగులో చెప్పనియ్యి.”

అద్దం గదిలో ఉదయ్ భాస్కర్ తల ఎత్తాడు.

“సారీ సర్. ఈ లైన్లో కుదరదు.”

అవతలి మనిషి ఇక బతిమాలలేదు. మళ్లీ ఇంగ్లీషే వచ్చింది.

“సరే మేడమ్. ఎదురుగాలి వస్తే తెరచాపను ఎలా తిప్పాలి?”

“ఆర్డరిస్తేనే సర్, ఇంకేమైనా చెప్పగలను.”

ఈసారి లైన్ తనే కట్ చేసింది. అయినా మెమో వచ్చింది.

ఆ మనిషి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. కావ్య హమ్మయ్య అనుకుంది.

వేసవి దాటాక ఒకరోజు, ఆఫీసు ఊడ్చే నర్సమ్మ ఆమె దగ్గరికొచ్చింది.

“బిడ్డా, గేటు కాడ ఒకాయన నిలబడ్డడు. పడవల సామాను కంపెనీ యాడ అని మాదాపూరంత తిరిగిండట. రోసీ మేడమ్ గావాలంటున్నడు. గీడ రోసీ ఎవరో నాకెర్కలేదు. జర నువ్వు పోయి చూడు.”

గేటు దగ్గర ముప్పయ్యేళ్ల మనిషి. దవడలు లోపలికి పోయాయి. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

“రోసీ మేడమ్ మీరేనాండి? మాది సోంపేట దగ్గర. సీతారామయ్యగారి కబురు తెచ్చాను. కొయ్య నిలబడిందని మీకు చెప్పమన్నారు.”

“ఏ సీతారామయ్యగారు?”

“మీకు ఫోన్ చేసేవోరు.”

“ఆ పడవాయనా? యాట్‌కి సామానంతా అమరిందా?”

“యాటేటండీ. మా సరుకుల ఓడలో లైఫ్‌బోటు.”

అతను నెమ్మదిగా చెప్పాడు. ఓడ యజమాని అప్పుల్లో మునిగి, ఓడను పరాయి రేవులో వదిలేశాడు. అక్కడి ఏజెంటు పాస్‌పోర్టులు లాక్కున్నాడు. ఎవర్నీ ఒడ్డెక్కనివ్వలేదు. ఓడ సామాను గురించైతేనే, తను పక్కన నిలబడి వింటూ ఫోన్ చెయ్యనిచ్చేవాడు. లైఫ్‌బోటులో డీజిల్ లేదు.

“ఏజెంటుకి తెలుగు రాదు కదా,” అంది కావ్య. “ఆయన తెలుగులో ఏం చెప్పాలనుకున్నారు?”

“మనం ఫలానా చోట ఉన్నామని, మన ఎంబసీకి ఎవరైనా కబురు పెట్టమని. అంతేనండి.”

కావ్య గేటు కమ్మీ పట్టుకుంది.

“టార్పాలిన్ని తెరచాపగా కుట్టీసి, ఒక్కరే వెళ్లారు. ఎదురుగాలి తగిలి పడవ చాన్నాళ్లు తిరిగిందట. అయినా పక్క దేశం రేవు చేరీసారు. ఆ తర్వాతే మా కోసం బోట్లొచ్చి, మమ్మల్నీ ఆ రేవుకే తీసుకెళ్లాయి. మేమందరం ఇళ్లకొచ్చీసాం.”

“ఆయన?”

“అక్కడ ఆసుపత్రిలోనే పోనారండి. నేను పక్కనే ఉన్నాను.”

మెట్ల మీంచి ఉదయ్ భాస్కర్ పిలిచాడు. “కావ్యగారూ, బ్రేక్ అయిపోయిందండి.”

కావ్య కదల్లేదు.

“సీతారామయ్యగారు మీ కెప్టెనా?” అని అడిగింది.

“కాదండి. కెప్టెన్‌గారు, కబురొస్తాది, కూకోండి అనేవోరు,” అన్నాడు అతను. “ఈయన మా వంటాయన. బియ్యం అయిపోతున్నాయని అందరికంటే ముందు తెలిసింది ఆయనకే.”