జంగయ్య ఆపని బస్సు

“ఓ జంగన్నా! ఆపే!”

హరిప్రసాద్ కేక వేసేసరికే బస్సు కదిలింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ఐడీ కార్డు, నోట్లో సగం ఇడ్లీ. పొట్ట ముందు, మనిషి వెనక అన్నట్టుగా ఉంది పరుగు. శంషాబాద్ సందులో స్పీడు బ్రేకర్లు లేకపోతే ఆ బస్సు అతనికి జన్మలో అందేది కాదు. టైలరు దుకాణం దాటాక ఆగింది. లోపలున్న తోటి ఎయిర్‌పోర్టు కార్గో సిబ్బంది అంతా ఘొల్లున నవ్వారు.

“జరసేపు ఆగితే నీ సొమ్మేం పోతది?” రొప్పుతూ అడిగాడు హరిప్రసాద్.

“టైమంటే టైమే,” అన్నాడు డ్రైవరు జంగయ్య, అద్దంలో చూసి మీసం సవరించుకుంటూ.

ఇది రోజూ ఉండే తంతే. బయల్దేరే వేళకు ఇంట్లో ఏదో ఒకటి మాయమయ్యేది. ఒకరోజు ఐడీ కార్డు, ఒకరోజు బెల్టు, ఒకరోజు జేబురుమాలు. సరిగ్గా బస్సు హారన్ వినబడ్డాక భార్య మాధవీలత వెతికిచ్చేది. “ఏడ పెడ్తవో ఏందో!” అని పైనుంచి చీవాట్లు కూడా.

అసలు దిగులు వేరే ఉంది. షుగర్. రోజూ పొద్దున ఒళ్లు వంచకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవని కిందటి నెలే డాక్టరు చెప్పాడు. సూదంటే హరిప్రసాద్‌కు చిన్నప్పటినుంచీ ప్రాణభయం. అయినా, “పొద్దుగాల టైమేడున్నది? బస్సే అందుతలేదు,” అని చేతులెత్తేశాడు. మాధవీలత వాదించలేదు. ఓ జత కాన్వాసు బూట్లు కొనిచ్చి ఊరుకుంది.

పోలీసు సెలెక్షన్లకు తయారవుతున్న బావమరిది అరవింద్ ఓ రోజు ఆ పరుగు చూసి తల పట్టుకున్నాడు.

“బావా, నువ్వు ఉరుకుతలేవు, బ్రేకులేస్తున్నవ్.”

“ఏంది?”

“అడుగు గంత దూరం చాపి మడమ మీద పడుతున్నవ్. కాలు నీ కిందనే పడాలె. చిన్న చిన్న అడుగులు, జల్ది జల్ది ఎయ్యి. భుజాలు వదులు చెయ్యి. మోచేతులు ఎనకకు పోవాలె, అడ్డం ఊగొద్దు. నేల దిక్కు కాదు, బస్సు దిక్కు చూడు.”

“చేతిల డబ్బా ఉన్నది గదరా!”

మర్నాటి నుంచి మాధవీలత డబ్బాను వీపు సంచిలో సర్ది ఇచ్చింది.

హరిప్రసాద్‌కు పంతం పట్టుకుంది. అడుగు కుదిరింది, ఆయాసం తగ్గింది, బెల్టుకు కొత్త బెజ్జం పడింది. కానీ జంగయ్య మాత్రం తక్కువవాడా? ఇతను టైలరు దుకాణం దగ్గర అందుకుంటే, బస్సు పెట్రోలు బంకు దాకా పోయి ఆగేది. బంకు దగ్గర అందుకుంటే, మలుపు దాకా పోయేది. వదిలేసి మాత్రం ఎన్నడూ పోలేదు.

“నా మీద పగబట్టిండు,” అని హరిప్రసాద్ ఉడికిపోతుంటే, మాధవీలత ఆ జంగయ్యకే మక్క గారెలు కట్టిచ్చింది.

“మా ఊరాయన. నిన్ను రోజు తోల్కపోతుండు గద!”

“తోల్కపోతలేడు, తోలుతుండు!”

చివరికి ఓ పొద్దున అన్నీ కలిసొచ్చాయి. అడుగులు టకటకా పడ్డాయి. భుజాలు తేలికయ్యాయి. బంకు దాటేసరికి హరిప్రసాద్ బస్సు పక్కన ఉన్నాడు, ఆ తర్వాత ముందున్నాడు. మలుపులో నడుం మీద చేతులేసుకుని, వచ్చే బస్సు కోసం నిలబడ్డాడు. బస్సంతా ఈలలే. బండి ఆపి జంగయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

ఆ వారమే రిపోర్టు చూసి డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు.

“సూది అవసరం లేదండీ. ఇంతకీ ఏం చేశారు?”

“బస్సెక్కిన సార్!”

మల్లెపూలు కొనుక్కుని ఉరుకులాంటి నడకతో ఇల్లు చేరాడు. మాధవీలత దాబా మీద బట్టలు ఆరేస్తోంది. వంటింటి గూట్లో ఆమె ఫోను మోగుతుంటే తీశాడు. హలో అనేలోపే తెలిసిన గొంతు వినబడింది. జంగయ్య.

“చెల్లె, రిపోర్టు మంచిగొచ్చిందా?”

హరిప్రసాద్ నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వచ్చింది.

“ఇగ రేపట్నుంచి బస్సు ఆపాల్నా?”