పక్కింటి చల్లదనం

అమృత శాలువా తీసి భుజాన వేసుకోవడం చూసి చక్రధర్‌కి ఒళ్లు మండిపోయింది. బయట నలభై డిగ్రీల ఎండ. కెనడాలోని ఓసోయూస్ ఎడారి గాలి కిటికీలోంచి పొయ్యి సెగలా కొడుతోంది.

"ఈ ఎండలో శాలువా ఏమిటే?"

"భరద్వాజ్ గారింట్లో కాసేపు కూర్చుంటే వణుకొస్తుందండీ. కొత్త హీట్ పంప్ కదా, ఎండాకాలం ఏసీలా పనిచేస్తుంది! ఇక్కడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఉడికిపోతున్నా."

"అందుకేగా యోగేంద్రని పిలిపించింది! అటక మీద ఉన్నాడు, చూస్తున్నాడు."

"అతన్నే ఎందుకు పిలిచారు? ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదా?" అని విసుక్కుంటూ, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అమృత గబగబా వెళ్లిపోయింది.

రోజూ ఇదే వరస. భరద్వాజ్ ఒంటరివాడు. కాల్గరీ నుంచి వచ్చి పక్కింట్లో దిగాడు. దిగీ దిగగానే కంచె పక్కన ఆ తెల్లటి మెషిన్ వెలిసింది. అప్పట్నుంచి ఈవిడగారి మధ్యాహ్నాలన్నీ అక్కడే. తిరిగొచ్చాక ఆ ఇంటి చల్లదనం గురించే కబుర్లు. ఎదుటివాడి వస్తువు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకునే మనిషి కాదు చక్రధర్. కానీ, కట్టుకున్నది సొంతింట్లో నిలవకపోతే ఎవడికి మాత్రం కడుపు మండదూ? ఆమె తన ఇంట్లో, తన ఎదురుగా కూర్చుంటే చాలు. అందుకోసం ఇల్లంతా తవ్వి పొయ్యమన్నా పోస్తాడు.

యోగేంద్ర దుమ్ము దులుపుకుంటూ అటక దిగాడు. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాడు. పక్కింటి మెషిన్ పనీ అతనిదే.

"గాలి వెళ్లే డక్టులన్నీ చిల్లులే సార్. కూలర్ ఇచ్చే చల్లగాలంతా అటకే తాగేస్తోంది. చలికాలం వేడిచ్చే ఫర్నేస్‌దీ ఇంటి వయసే."

"అన్నీ పీకి పారేయండి. హీట్ పంప్ మాత్రం పక్కింటి దానికన్నా పెద్దది ఉండాలి."

"పెద్దదైతే లాభం లేదు సార్. ఇంటికి తగ్గది కావాలి."

"అదంతా నాకు తెలీదు. నా ఇంట్లో రగ్గు కప్పుకుని కూర్చోవాలి!"

యోగేంద్ర నవ్వేసి, గరాజ్‌లో కరెంటు ప్యానెల్ మూత తీశాడు. చూసి పెదవి విరిచాడు.

"ఇదీ అసలు అడ్డం. ఈ వీధిలో పాత ఇళ్లన్నిటికీ ఇంతే. ఈ ప్యానెల్ హీట్ పంప్‌ని మొయ్యలేదు. మార్చాలంటే పర్మిట్ రావాలి. అప్పటిదాకా మెషిన్ తెచ్చిపెట్టినా బొమ్మే."

చక్రధర్ నీరుగారిపోయాడు. అంటే ఇంకా ఎన్ని మధ్యాహ్నాలో! కంచె అవతల తెల్లటి మెషిన్ ఎండలో మెరుస్తోంది. దాన్ని చూస్తుంటే తన్నెయ్యాలనిపించింది.

"మరి ఆ భరద్వాజ్‌కి పర్మిట్ అంత తొందరగా ఎలా వచ్చిందయ్యా?" అక్కసంతా వెళ్లగక్కాడు.

యోగేంద్ర మూత బిగిస్తూ తలెత్తి చూశాడు.

"ఎక్కడొచ్చింది సార్, అదింకా ఒక్కసారి కూడా ఆన్ కాలేదు."