సున్నం కింద పగులు

ఎవరో కొత్త మనిషి రాములమ్మ ఇంటి గోడను టార్చిలైటు వేసి చూస్తున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

"ఎవరప్పా నువ్వు? నా గోడతో నీకేం పని?"

"సైన్సు సంస్థ నుంచి వచ్చానమ్మా. సర్కారుదే. ఈ పగులు ఎప్పుడు పడింది?"

"ఈస్టరప్పుడు."

"రేపు మిషన్ తెచ్చి కొలుస్తాను," అని అతను పక్కింటికి వెళ్లాడు.

శిరివెళ్ల దాటాక కొండ మొదట్లో ఉన్న ఆ ఊళ్లో పగలని గోడ లేదు. కొండమీద కంకర క్వారీలో మందు పేల్చినప్పుడల్లా ఇళ్లలో గిన్నెలు కదులుతాయి. మొగుడు పోయాక కూలికి పోయి, కడుపు కట్టుకుని కట్టిన ఇల్లు రాములమ్మది. అది కూలితే ఆమెకు తలదాచుకునే చోటు లేదు.

కాసేపటికి తమ్ముడు పౌలు వచ్చాడు. అతని టిప్పర్లు ఆ క్వారీలోనే తిరుగుతాయి.

"ఆయప్ప ఏమడిగినాడక్కా?"

"పగులు సంగతి. రేపొచ్చి కొలుస్తాడంట."

పౌలు మంచం మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

"కొండ కింద పెద్ద సైన్సు కేంద్రం కట్టేదానికి జాగా ఎతుకుతాండారక్కా. దేశానికంతా ఒకటేనంట. పగుళ్లు కనపడితే, ఈడుంటే పానాలకు ముప్పని రాసి ఊరు ఖాళీ చేపిస్తారు."

"క్వారీ వల్ల పగిలిందని చెప్తే?"

"ఎందువల్లయితే వాళ్లకేంది? వాళ్లకు గావాల్సింది పగులు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పైగా చెప్పింది తోడబుట్టినవాడు, తల్లి పోయాక ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. రాములమ్మ నమ్మింది. ఆమెను చూసి ఊరూ నమ్మింది.

పగుళ్లు పూడ్చే సిమెంటు ఆ సాయంత్రమే పౌలే తెప్పించాడు. క్రిస్మస్ ఇంకా దూరముండగానే ఆ ఏడు రాత్రికి రాత్రే ఊళ్లో గోడలన్నిటికీ సున్నాలు పడ్డాయి.

మర్నాడు ఆ సైన్సు మనిషి మిషన్ మోసుకుంటూ వచ్చి తెల్లటి గోడ ముందు ఆగిపోయాడు. చెయ్యి పెడితే తడి అంటింది.

"నిన్నటి పగులేదమ్మా?"

"పగులా? యాడుంది? మా ఊర్లో పగుళ్లు లేవు."

"నేనెందుకొచ్చానో మీకు కబురందే ఉంటుంది కదా?"

"అందింది."

"తెలిసీ లేదంటున్నారా?"

"తెలిసే లేదంటాండా."

అతను మిషన్ కింద పెట్టాడు.

"అమ్మా, ఇంటివాళ్లే లేదంటే నా మాట నిలబడదు. ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? బేగా పో నాయనా, ఆళ్లగడ్డ బస్సు పోతాది."

ఊరంతా తిరిగాడు. ప్రతి గడపలోనూ అదే మాట. దారినపోయేవాడికైనా చెంబెడు నీళ్లిచ్చే ఊళ్లో ఆ రోజు అతన్ని దాహమా అని అడిగినవాళ్లు లేరు.

క్రిస్మస్ వెళ్లాక క్వారీలో పేలుళ్లు రెట్టింపయ్యాయి. ఎండలు ముదరకముందే రాములమ్మ గోడ ఆమె మంచం మీదే కూలింది. ఆమె చేలో ఉండబట్టి బతికింది.

క్వారీ ఆపమని అడగడానికి వెళ్తే, నంద్యాల గనుల ఆఫీసులో షాలిని అనే అధికారి ఫైలు చూసి తల అడ్డంగా ఊపింది.

"క్వారీని ఆపలేమమ్మా. పగులుందన్న మనిషి మీ ఊళ్లో ఒక్కరూ లేరని రిపోర్టు."

"ఆయప్ప రాసిందేనా? నమ్మొద్దు మేడమ్. సైన్సు కేంద్రానికి జాగా కోసరం వచ్చినోడు."

"ఏ కేంద్రం? అది ఎప్పుడో వేరే రాష్ట్రానికి పోయింది. మీకెవరు చెప్పారు?"

"నా తమ్ముడు పౌలు."

షాలిని ఫైలు మూసింది.

"ఆయన ఎందుకొస్తున్నాడో ఊళ్లో అందరికీ చెప్పమని టిప్పర్ల పర్మిట్లకొచ్చిన పౌలుతోనే కబురు పంపామే."

రాములమ్మకు గోడ పడినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పెంచిన చేతినే నరికితివి గదరా, అనుకుంది.

కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "ఆయప్ప ఎవరు మేడమ్ మరి?"

"పేలుళ్లవల్ల ఒక్క గోడ పగిలిందని తేలినా ఆ క్వారీ మూసేయాలని చెప్పి, కోర్టు మీ ఊరికి పంపిన సైంటిస్టమ్మా ఆయన."