ఎండకు కరగని తెల్లకొండ

"ఆ పాటకి అర్థం చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను!"

పాత రికార్డులమ్మే దుకాణంలోకి తలుపు తోసుకుని వచ్చిపడిన మార్లిస్‌ని చూసి అందరూ మాటలాపేశారు.

ఎరిక్ సాల్మెలా రాక్ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు శనివారం శనివారం అక్కడ చేరి, ఒక్కో మాటనూ పీకి పాకం పెడుతుంటారు. ఎరిక్ చిన్నవయసులోనే పోయాడు. అడగడానికి ఆయన లేడు గనక ఎవరికి తోచిన అర్థం వాళ్ళది.

"ఏమైందమ్మా?" అన్నాడు దుకాణం యజమాని వెండెల్.

"మా అమ్మాయి బ్రిన్ పొద్దున నాతో గొడవపడి వెళ్ళిపోయింది. ఒంటి మీద కోటు కూడా లేదు. 'ఎరిక్ పాటలో చోటికి పోతున్నా, నన్ను వెతక్కు' అంది. పోలీసులేమో సాయంత్రం దాకా చూడమంటున్నారు."

"ఏ పాట?"

"ఎండకి కరగని తెల్లకొండ, ఆ కొండకీ ఓ కప్పు..."

వెండెల్ మొహం వాడిపోయింది.

"కరగని కొండంటే తండ్రి గుండె. ఆ దుర్మార్గుడు పెట్టిన బాధలు పడలేక రాశాడది. కప్పంటే మరి... శవపేటిక మూత."

"అంటే?"

"చావు గురించమ్మా ఆ పాట. సరస్సు వైపు వెళ్ళి చూడండి."

మార్లిస్ కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

హీటర్ పక్క కుర్చీలోంచి ఓ ముసలాయన లేచాడు. వారం వారం వస్తాడు, నోరు విప్పకుండా వింటాడు, పోతాడు. ఆయన పేరు కూడా ఎవరూ అడగలేదు.

"చావూ కాదు, గుండే కాదు. అది ఉప్పమ్మా. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. రేవు వెనకాల ఆ కుప్ప మీద కప్పు వేసిన గోదాం ఉంది. నీకు కారుంది కదా, పద, పోదాం."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇన్నేళ్ళుగా మేం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఉప్పా తాతా? మిరియాలు కూడా ఉన్నాయా?"

ముసలాయన అటు చూడనే లేదు. మార్లిస్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ చలికి పిల్ల తట్టుకోలేదమ్మా. నా మాట విను."

ఆమె విదిలించి కొట్టింది.

"నా బిడ్డ ప్రాణం నీకు వేళాకోళంగా ఉందా?"

కారు సరస్సు వైపు తిప్పింది. మంచువానలో ముసలాయన చేతులూపుతూ వెనకే పరిగెత్తడం అద్దంలో కనిపించింది. అయినా ఆపలేదు.

గడ్డకట్టిన సరస్సు ఒడ్డున బ్రిన్‌ని పిలిచి పిలిచి గొంతు పోయింది. మంచు పగిలిన చోటల్లా వంగి చూసింది. బిడ్డ లేకపోతే తనూ అందులోకే అనుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి.

బ్రిన్ బతికే ఉంది. ఎవరో ముసలాయన తన కోటూ టోపీ ఆ పిల్లకి తొడిగి, ఉప్పు గోదాంలోంచి రోడ్డు దాకా మోసుకొచ్చాడట. దారిన పోయే లారీవాళ్ళు ఇద్దర్నీ ఆసుపత్రికి చేర్చేలోపే ఆయన ప్రాణం పోయింది.

మార్లిస్ కూతుర్ని హత్తుకుని బావురుమంది.

"కార్లో పోదామన్నాడే! ఆ మహానుభావుడి చెయ్యి విదిలించి కొట్టానే! ఎవరే ఆయన?"

బ్రిన్ వెక్కుతూ చెప్పింది.

"ఎరిక్ వాళ్ళ నాన్నట అమ్మా, చిన్నప్పుడు తన మీద అలిగినప్పుడల్లా కొడుకు ఆ ఉప్పు కుప్ప వెనకే దాక్కునేవాడట, అన్నం వేళకి ఈయనే వెళ్ళి బుజ్జగించి ఎత్తుకొచ్చుకునేవాడట."