కుళాయి ముందు మిట్ట

“ఆ మిట్ట జోలికి మాత్రం వెళ్లకు మేస్త్రీ,” అన్నాడు ఇంటాయన.

మేస్త్రి ఎత్తిన సుత్తి అలాగే ఆగిపోయింది. బాత్‌రూమ్‌లో పాత టైల్స్ పీకేసి, అడుగున బయటపడ్డ గచ్చును చదును చేస్తున్నాడతను. పొద్దుట్నించీ వంగి వంగి నడుం పట్టేసింది. మూలనున్న పల్లంలో సిమెంటు నింపాడు. నీళ్లు తూము వైపు పోయేలా వాటం తీశాడు. ఇక మిగిలింది కుళాయి ముందున్న ఆ మిట్ట ఒక్కటే. బోర్లించిన పళ్లెమంత ఉంటుంది.

“దీన్ని కొట్టకపోతే టైల్ ఎలా కూర్చుంటుంది సార్? ఇటు నొక్కితే అటు లేస్తుంది. నెల తిరక్కుండా పగిలిపోతుంది.”

“పగిలితే పగలనీ.”

“అమ్మగారు ఈ పని పెట్టిందే దీనికోసం కదా. రోజూ కాలివేలికి తగులుతోందన్నారు.”

“అమ్మగారికి నేను చెప్పుకుంటాలే.”

అప్పుడే టీ గ్లాసుతో వచ్చిన ఇంటావిడ ఆ మాట వింది. “ఏం చెప్పుకుంటారో ఇప్పుడే చెప్పండి, వింటాను.”

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

“రెండేళ్లు పోరితే ఇవాళ్టికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఈ మెలికేమిటండీ? నువ్వు కొట్టు మేస్త్రీ.”

“కొట్టకు.”

మొగుడూపెళ్లాల మధ్య సుత్తి పట్టుకుని కూర్చున్నవాడి అవస్థ పగవాడికి కూడా వద్దు. “మీరిద్దరూ ఒక మాటనుకుని చెప్పండి,” అన్నాడు మేస్త్రి. “సిమెంటు కలిపేశాను, గట్టిపడిపోతుంది.”

“అనుకోవడానికేం లేదు. నేల చదునుగా ఉండాలి. అంతే.” ఆవిడ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంటాయన తలుపు దగ్గరగా వేసి లోపలికి అడుగేశాడు. ఆ అడుగు నేరుగా వెళ్లి, సిమెంటు కలిపి పెట్టుకున్న ఇనప తట్టలో పడింది.

“అయ్యో, చూసుకోండి సార్. ఎదురుగానే ఉంది కదా.”

“ఎదురుగా ఉంటే కనబడేది. కింద ఉంది,” అన్నాడాయన నెమ్మదిగా.

మేస్త్రికి అర్థం కాలేదు.

“నీ మొహం కనబడుతోంది. నుదుటికి అంటుకున్న సిమెంటు చుక్కతో సహా. నీ గడ్డం కిందనుంచీ చీకటే. పక్కలూ అంతే. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. ఆ గొట్టం కూడా నెలనెలా సన్నబడుతోంది. మందు లేదన్నారు.”

మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు. “అమ్మగారికి తెలీదా?”

“తెలిస్తే నన్ను గుమ్మం దాటనిస్తుందా? ఈ ఇంట్లో నాలుగు డబ్బులు తెచ్చేది నేనొక్కణ్ణే.” ఆయన గొంతు బాగా తగ్గించాడు. “కాలికి ఆ మిట్ట తగిలిందంటే చాలు, కుళాయెక్కడో గోడెక్కడో తెలిసిపోతుంది. దాన్ని కూడా తీసేశావంటే ఏదో ఒక రోజు పడతాను. పడితే అంతా బయటపడుతుంది. నీ చేతులు పట్టుకుంటాను మేస్త్రీ, ఎవరికీ చెప్పనని మాటియ్యి.”

చేతులు పట్టుకోబోయి ఆయన గాలిని పట్టుకున్నాడు. మేస్త్రే తన చేతులు అందించాడు.

“చెప్పను సార్. నా నోట ఈ మాట రాదు.”

మగ్గుతో నీళ్లు పోసి, ఆయన కాలికంటిన సిమెంటు తనే కడిగాడు. ఆయన గోడను వేళ్లతో తడుముకుంటూ వెళ్లిపోయాడు.

మేస్త్రి తాపీ తీసుకుని, మిట్టను కదపకుండా దాని చుట్టూ సిమెంటు సర్దసాగాడు. ముప్పై ఏళ్లలో తెలిసి తెలిసి ఇంత వంకర పని అతను ఎప్పుడూ చెయ్యలేదు. చెయ్యి సాగలేదు. అయినా చేశాడు.

కాసేపటికి ఇంటావిడ వచ్చి చూసింది. “ఇదేమిటి? అలాగే ఉంచేశావు?”

“కొడితే కింద పైపు పగిలేట్టుంది అమ్మా.”

“ఆ సంగతి పొద్దున్న తెలీలేదా? చేతకాకపోతే చేతకాదని ముందే చెప్పాలి. పెద్ద పనిమంతుడివంటే పిలిచాను నిన్ను.”

మేస్త్రి తల వంచుకున్నాడు. చేతకానివాడన్న మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అనలేదు. బదులు చెబుదామంటే ఇచ్చిన మాట అడ్డొచ్చింది.

“సారున్నారా అమ్మా?” అన్నాడు చివరికి. “ఆయన్ని ఒక్కసారి అడగండి.”

“ఉంటే నిన్నే వెనకేసుకొచ్చేవారు. ఇప్పుడే డ్యూటీకి వెళ్లిపోయారు,” అంది ఆవిడ చిరాగ్గా. “స్కూలు వదిలే వేళయింది కదా. ఆయన నడిపే బస్సు చుట్టూ నలభైమంది పిల్లలు మూగేసి ఉంటారు ఈపాటికి.”